పసుపు కంబం

గోపమనాయకన్‌పట్టి
9-1-2025

తమ్ముడు రామూ,

అక్క పాపమ్మాళ్ రాసేది. ఇక్కడ అందరూ బాగుండారు, నేనొగతిని తప్ప.

ఫోన్ ఉండగా కాగితం ఎందుకక్కా అని అడుగుతావు. మా ఇంటికీ నా తోడికోడలు బృంద ఇంటికీ నడుమ ఒగటే గోడ. నేను దగ్గినా దానికి వినబడుతుంది. తాత మనిద్దరికీ పలక మీద తెలుగు దిద్దించింది ఇప్పుడు పనికొచ్చె. ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు చదివే మనిషి నేను తప్ప ఇంకొగరు లేరు. ఈ కాగితం వాకిట్లో పడేసినా నాకేమీ బయం లేదు.

సంగతి విను. మీ గ్యాసు కంపెనీ కొత్త ఏటికి క్యాలెండరు వేసింది కదా, ఏప్రిల్ నెల బొమ్మ చూసినావా? బృంద! పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుకుంటా నిలబడి ఉండాది. చిత్తిర నెలలో పొన్నేరు కట్టి తొలి దుక్కి దున్నే నాడు చేని హద్దు గెట్టురాళ్ళకు పసుపు కుంకుమ పెడతాము కదా, పోయినేడు ఇది రాళ్ళకు పెట్టి ఊరకుండక, వాళ్ళ చేలో మీ కంపెనీవాళ్ళు నాటిన పసుపు కంబానికి కూడా బొట్టు పెట్టె. అప్పుడే జీపులో వచ్చిన ఆఫీసరు ఆహా ఓహో అని ఫోటో తీసె. ఇప్పుడు ఎట్టయాపురం టీ అంగట్లో అదే, రేషన్ అంగట్లో అదే. మీ బావ దాన్ని తెచ్చి మా ఇంట్లోనే తగిలించె. జనవరి నెల తిప్పేసి ఏప్రిల్ పైకి పెట్టుకొన్నాడు. తమ్ముని పెండ్లామంట, మర్యాదంట.

ఇంకొగటి చెప్తాను, నా కడుపు మండేది ఇక్కడే. అది కట్టుకొన్న చీర నాది. సాత్తూరులో కొన్న పచ్చంచు చీర. అడిగితే ఇస్తిని.

భాగాలు పంచిననాడు బావి ఉండాదని దక్షిణపు పక్క మేమే ఏరుకొంటిమి. ఉత్తరపు పక్క మరిది పొన్నయ్యకు పోయె. ఆ పక్కనే మీ గ్యాసు పైపు వస్తుందని ఎవరికి తెలుసు? పైపు వాళ్ళ చేలో, కంబం వాళ్ళ చేలో, లైను పొడుగునా నడిచి అంతా సరిగా ఉండాదని సంతకం పెట్టే కంపెనీ పని కూడా వాడికే. మాకు బావి. ఆ బావిలో నీళ్ళెంత ఉండాయో నీకు తెలుసు.

నువ్వు కంపెనీలోనే ఉండావు కదా. మా చేలో కూడా ఒగ కంబం నాటమని చెప్పరాదా? పైపు లేకపోతే పోనీ. కంబానికేమి కరువు?

నీ అక్క
పాపమ్మాళ్


విరుదునగర్
22-1-2025

అక్కకు,

నీ ఉత్తరం పరోటా అంగట్లో కూర్చొని చదివి ఒక్కడినే నవ్వుకున్నాను. సర్వరు ఇంకో పరోటా వెయ్యాలా వద్దా అని నా ముఖం చూస్తూ నిలబడిపోయినాడు.

కంబం దేవుడి రాయి కాదక్కా, అడిగినవాళ్ళ చేలో నాటడానికి. నాలుగడుగుల లోతులో పైపు పోతోందని చెప్పే గుర్తు, అంతే. మేము ఇక్కడ కంట్రోల్ రూములో తెరలు చూసుకుంటూ కూర్చుంటాము. ఎక్కడైనా ఒత్తిడి పడిపోతే వాల్వు మూసెయ్యాలి. మా ట్రైనింగులో ఒక సారు చెప్పినాడు, పైపు తనంతట తాను పేలేది తక్కువ, మనుషులే పేలుస్తారు అని. ఒకడు సరిగ్గా అడక్కుండా తవ్వుతాడు. ఒకడు చూడకుండా సంతకం పెడతాడు. అలారం మోగితే ఇంకొకడు ‘రోజూ మోగేదే’ అని నొక్కి ఆపేస్తాడు. అప్పుడు పక్కవాడిని చూసి నవ్వుకున్నాము.

నీకు ఒకటి చెప్పాలి, మరిచిపోవద్దు. వంటింటి గ్యాసుకు వాసన కలిపి పంపుతారు. ఆ పైపులో పోయేదానికి వాసన లేదు. వాసన లేదు కదా అని ఎప్పుడూ అనుకోకు. ఈల లాగ శబ్దం వస్తుంది, మట్టి ఎగురుతుంది. అప్పుడు నిప్పు, మోటారు, బండి ఏదీ ముట్టుకోకుండా దూరం పోయి, కంబం మీద ఉన్న నంబరుకు ఫోన్ చెయ్యాలి.

బృంద మీద నీ మంట నాకు అర్థమవుతుంది. నాకూ ఇక్కడ ఒకడున్నాడు, ఉదయకుమార్. వచ్చి రెండేళ్ళు కాలేదు, మేనేజరు నోట ఎప్పుడూ వాడి పేరే. పన్నెండేళ్ళుగా ఇదే కుర్చీలో ఉన్న నేను వాడికి కనబడను. వాడు టీ తాగే తీరు చూసినా నాకు ఒళ్ళు మండుతుంది.

బావను అడిగినానని చెప్పు.

నీ తమ్ముడు
రామ్‌కుమార్


గోపమనాయకన్‌పట్టి
18-2-2025

తమ్ముడు రామూ,

ఇంకా విను దాని కతలు. పోయిన వారం బృంద మీ నంబరుకు ఫోన్ చేసెనంట, పైపు ఈల వేస్తాండాదని. జీపు వచ్చె, నలుగురు దిగిరి, చెవులు పెట్టి వినిరి. చూస్తే మా మిరపచేలో డ్రిప్పు గొట్టం ఊడి బుస్సుమంటాండాది! నాకు తల ఎత్తుకోలేని సిగ్గు. దానికా, సిగ్గు ఎక్కడిది? ‘ఇట్లాంటి ఆడమనిషి ఊరికొకరు ఉండాల’ అని ఆఫీసరు మెచ్చుకొని దానికి స్టీలు టిపిన్ డబ్బా ఇచ్చె. మూడు గిన్నెలది.

నాకు తెలుసు రామూ, అది కావాలని చేసిందే. జీపు రావాల, ఊరు చూడాల, ఇంకొగ ఫోటో తియ్యాల. కాకి అరిచినా ఫోన్ చేస్తుంది అది. మీ రూములో అది ఫోన్ చేస్తే నమ్మవద్దండి, చెప్తుండాను. నలుగురి డీజిలు దండగ.

ఆ డబ్బాలో మాకు పులుసన్నం పెట్టి పంపించె. నేను అన్నం తీసుకొని డబ్బా కడగకుండా ఇస్తిని.

ఎండకు ఈ కరిసల్ నల్లనేల నెర్రెలు విచ్చి, కాలు పెడితే మడమ దాకా దిగుతాంది. గట్లే పక్కకు ఒరుగుతుండాయి, ఇంక కంబాలు నిలుస్తాయా? చూస్తాము.

అక్క


విరుదునగర్
3-3-2025

అక్కకు,

ఆ ఫోన్ ఎత్తింది నేనే! ‘సార్, పైపు ఈల వేస్తాండాది’ అని ఆమె అరిచిన అరుపు ఇంకా నా చెవిలో ఉంది. డ్రిప్పు గొట్టం అని తెలిసినాక రూమంతా ఒకటే నవ్వు. జీపును పంపింది నేను కాబట్టి ఆ నవ్వు నా మీదకు తిరిగింది. ‘మీ చుట్టాలామె బాగా పని పెడుతుంది సార్’ అన్నాడు ఉదయకుమార్. ఆ ఒక్క మాటకు నాకు రెండు రోజులు అన్నం దిగలేదు.

నువ్వు చెప్పింది నిజమే అనిపిస్తుంది. మళ్ళీ ఆ గొంతు వినబడితే ఏం చెయ్యాలో నాకు తెలుసు.

డబ్బా కడగకుండా ఇచ్చినావా? మనమ్మ ఉంటే నీ వీపు పగిలేది.

తమ్ముడు


గోపమనాయకన్‌పట్టి
20-4-2025

బంగారు తమ్ముడికి,

ఈ దినం నా చేతిరాత ముత్యాలుగా ఉండాది చూడు. మనసు అట్లుండాది.

పొన్నేరు నాడు మీ ఆఫీసర్లు వచ్చిరి. ఎవరింటికి? మా ఇంటికి! నేను పెరుగు చిలికి మోరు చేసి, అల్లం దంచి వేసి ఇస్తిని. ఒగాయన రెండు చెంబులు తాగె. కంబం దగ్గర నన్ను నిలబెట్టి, తలకు పసుపు టోపీ పెట్టి, ఆరు ఫోటోలు తీసిరి. నా పచ్చంచు చీర నేనే కట్టుకొన్నాను. వచ్చే ఏడు క్యాలెండరులో వేస్తామనిరి. కుంకుమ నేను పెట్టితిని, మూడు వేళ్ళతో, అడ్డంగా, నిండుగా. బృంద పెట్టిన చుక్క వాన పడితే పోయేది.

అది దాని చేలో గంప పట్టుకొని నిలబడి చూస్తాండె. దాని ముఖం వాడిపోతుందని చూస్తిని. వాడలేదు. నటిస్తుందేమో.

తాగేనీళ్ళ గొట్టం వేసేదానికి మా రెండు చేల పక్క బండిదారి వెంట కాలువ తవ్వుతారంట జూనులో. అప్పుడు జీపులు ఇంకా వస్తాయి. మోరుకు ఇప్పుడే కొత్త చెంబులు కొన్నాను.

నీ అక్క పాపమ్మాళ్


విరుదునగర్
14-6-2025

అక్కా,

మురుగేశన్ బతికే ఉన్నాడు. కాలువ తవ్విన జేసీబీ డ్రైవరు. మదురై ఆసుపత్రిలో ఉన్నాడు, రెండు చేతులూ వీపూ కాలినాయి. నువ్వు ఫోన్ ఎత్తి ఏడ్చి పెట్టేసినావు. మాట్లాడలేకపోతే రాయి. నేనూ రాస్తున్నాను, నోటితో చెప్పలేను కాబట్టి.

పదకొండో తేదీ పొద్దున పదీ నలభై రెండుకు బృంద ఫోన్ చేసింది. ఎత్తింది నేనే. ‘జేసీబీ గోకింది సార్, మట్టి ఎగురుతాండాది, ఈల వేస్తాండాది’ అంది. ఆ గొంతు వినగానే నాకు నవ్వు వచ్చింది. నవ్వు, అక్కా. ‘అదే, మా చుట్టాలామె’ అని ఉదయకుమార్‌కు చెప్పినాను. తెర మీద ఒత్తిడి సన్నగా దిగుతోంది. ఆ వేళకు ఎవరో ఎక్కువ గ్యాసు లాగితే దిగడం మామూలే. ‘సార్, మూసేద్దాం’ అన్నాడు వాడు. వాడు చెప్పి నేను మూసినట్టు అవుతుందే అని ఒక పక్క, ఇంకోసారి రూమంతా నవ్వుతుందే అని ఒక పక్క. ముందు అక్కను అడుగుదాము అనుకొని నీకు రెండుసార్లు ఫోన్ చేసినాను. నువ్వు ఎత్తలేదు. అంతలో అలారం ఎర్రగా మారింది. నేను వాల్వు మూసేటప్పటికి ఏడు నిమిషాలు పోయినాయి. అంతా రికార్డులో ఉంది.

నన్ను పనికి రావద్దన్నారు. జూలై పదిన నా విచారణ.

నా తప్పు నాది. కానీ మొదటి తప్పు పొన్నయ్యది. కంబం మ్యాపులో ఉన్న చోట లేదు, ఇరవై అడుగుల పక్కన ఉంది. కంబానికి ఇరవై అడుగులు వదిలి తవ్వమని కాంట్రాక్టరు చెప్పినాడు, మురుగేశన్ కొలిచి వదిలినాడు, బకెట్టు నేరుగా పైపు మీద పడింది. దున్నుకోవడానికి అడ్డమని పొన్నయ్యే పీకి జరిపి ఉంటాడు. జరిపి, ప్రతి నెలా అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టినాడు. నేను అదే చెప్పబోతున్నాను. వాడి పని పోతుంది, కేసు కూడా పడుతుంది. పడనీ.

రామ్‌కుమార్


గోపమనాయకన్‌పట్టి
19-6-2025

తమ్ముడు రామూ,

నీ కాగితం చూసి రెండు దినాలు అన్నం ముట్టలేదు. నీ పని పోకూడదని కులదేవతకు ముడుపు కట్టినాను.

నా ఫోన్ ఇంట్లో ఛార్జింగులో ఉండె. నేను గట్టు మీద ఉంటిని. పెద్ద శబ్దం కాలేదు మొదట. గుప్పుమనె, వేడి వచ్చి ముఖానికి కొట్టె, అంతే, ఎదురుగా మంట. చింతచెట్టంత ఎత్తు. బండి దాంట్లోనే ఉండె. నేను పడిపోతిని. బృంద పరిగెత్తుకొని పోయి మురుగేశన్ కాళ్ళు పట్టుకొని ఈడ్చుకొచ్చె. దాని ఎడమచేయి మోచేతి దాకా కాలింది. పేపర్లో దాని ఫోటో వేసినారు, నువ్వు చూసే ఉంటావు, చేతికి కట్టు కట్టుకొని. పొన్నయ్య పక్కనే నిలబడి ఉండాడు. నేనూ అక్కడే ఉంటిని. నన్ను ఒగరూ ఏమీ అడగలేదు.

గోడ అవతల అది ఏడుస్తాండాది. పొన్నయ్యను స్టేషనుకు రెండుసార్లు పిలిచిరి. వాడు నోరు విప్పి ఒగ మాట చెప్పడంట, కంబం ఎవరు జరిపిరో తెలియదు అంటాడంట. అదేమో మరి. వాడు చెప్పకపోతే మనమేమి చేసేది?

ఒగటి మాత్రం చెయ్యి. నేను రాసిన ఉత్తరాలన్నీ కాల్చెయ్యి. ఆడమాటలు, వాటితో ఎవరికీ పని లేదు. నీవి నేను కాల్చేస్తాను.

అక్క


విరుదునగర్
27-6-2025

అక్కా,

నేను ఏదీ కాల్చలేదు.

నిన్న మదురై పోయి వచ్చినాను. మురుగేశన్ పెండ్లాం కార్తీశ్వరి వాడి నోట్లో గంజి పోస్తోంది. నేనెవరో చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. వాడు పోలీసులకు చెప్పింది ఆమె నాకు చెప్పింది. బకెట్టు గోకి ఈల వచ్చినప్పుడు వాడు ఇంజను ఆపి దిగినాడంట. గట్టు మీద ఉన్న ఒక అమ్మను అడిగినాడంట, ‘పైపేమో అమ్మా?’ అని. ‘పైపు ఇక్కడ కంబం కింద ఉండాది, మా నేలలో. ఏ వాసనా లేదు కదా. నువ్వు బండి తియ్యి’ అందంట. వాడు ఎక్కి తాళం తిప్పినాడు.

బస్సులో వస్తూ, ఆ అమ్మ బృందే అనుకున్నాను. సగం దారి దాటే దాకా అట్లాగే అనుకున్నాను. కానీ బృంద ఆ వేళకే నాకు ఫోన్ చేసి పైపు ఈల వేస్తోందని అరిచింది కదా. అరిచిన మనిషే పోయి బండి తియ్యమంటుందా?

ఇంకోటి. ఆఫీసులో ఉన్న ఏప్రిల్ ఫోటోలు చూపించమని ఉదయకుమార్‌ను అడిగినాను. వాడినే అడిగినాను. టోపీ పెట్టుకొని నువ్వు నవ్వుతున్నావు, ఎంత బాగా వచ్చినావో. నీ పక్కన కంబం. నీ వెనక నీ బావి. ఆ బావి దక్షిణపు పక్కన కదా ఉంది, అక్కా? ఆ రోజు వచ్చిన ఆఫీసర్లు మ్యాపు తీసి చూడలేదు, మోరు తాగి పోయినారు. నువ్వు రాసిన ఉత్తరం చదివి నేనూ అడగలేదు.

కంబం ఎవరు జరిపినారు? ఆ అమ్మ ఎవరు? నాకు నువ్వు చెప్పాలి. చెప్పకపోతే పదో తేదీ నేను నోరు మూసుకుంటాను, పొన్నయ్య పోతాడు. ఫోన్లో ఆమె మాట సరిగ్గా వినబడలేదు అంటే నాకు శిక్ష తగ్గుతుందని లాయరు అంటున్నాడు.

రామ్‌కుమార్


గోపమనాయకన్‌పట్టి
6-7-2025

తమ్ముడు రామూ,

నేనే.

మార్చిలో నెర్రెల్లో కంబం ఒరిగి మా పక్కకు పడిపోయి ఉండె. ప్లాస్టిక్కు కంబం, బరువేమీ లేదు. ఎవరూ లేనప్పుడు సంకలో పెట్టుకొని తెచ్చి బావి కాడ మా గట్టు మీద నాటితిని. ఇరవై అడుగులేరా. గెట్టురాయి జరిపితే పాపమని తాత చెప్పినాడు కదా, ఇది గెట్టురాయి కాదు కదా అనుకొంటిని. జీపు మా వాకిట ఆగాల, అంతే నాకు కావలసింది.

మురుగేశన్ అడిగినప్పుడు బృంద దూరం నుంచి ‘ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దు’ అని చెయ్యి ఊపుకుంటా వస్తాండె. దాని మాట నిజం కాకూడదు అని ఉండె నాకు. నువ్వు రాసినావు, వాసన ఉండదని. చదివితిని, రెండుసార్లు చదివితిని. అయినా ముక్కు ఎగబీల్చి, వాసన లేదు, బండి తియ్యి అంటిని. వాడు నన్ను నమ్మె.

నాలుగో తేదీ కోవిల్‌పట్టి పోలీసు ఆఫీసుకు పోయి చెప్పి సంతకం చేస్తిని. మీ బావ తోడు వచ్చె, సాక్షి చెప్పేదానికి బృందను కూడా అదే దినం పిలిచి ఉండిరి. అక్కడ బల్ల కాడ కూడా నాకు బుద్ధి రాలేదు చూడు, ఆ అధికారి మంచినీళ్ళు ముందు బృందకు ఇచ్చె అని కడుపులో చురుక్కుమనె. కాలిన చేత్తో కూర్చున్న మనిషికి ముందు ఇవ్వక నాకిస్తారా?

నా మీద కేసు రాసుకొన్నారు. రాసుకోనీ. నువ్వు మాత్రం పదో తేదీ వినబడలేదు అని చెప్పవద్దు. నా ఉత్తరాలన్నీ తీసుకొనిపోయి, అరవంలో చదివి చెప్పు. ఎవరిని నమ్మవద్దని నేను నీకు రాస్తినో, అది వాళ్ళకు తెలియాల. నీ పని ఉంటుందో పోతుందో నాకు తెలియదు. నీ పనికి నేనే అడ్డం పడినాను.

ఇంకొగటి రాయాల, దీనికే కాగితం తీసినాను.

ఊరు తిరిగి వచ్చినాక గోడ అవతలికి పోతిని. నీకు రాసిందంతా నాకు నోటికి ఉండాది కదా, బృంద ముందు కూర్చొని ఒగటొగటిగా చెప్తిని. చీర సంగతి, కాకి సంగతి, డబ్బా కడగని సంగతి. నమ్మవద్దు అని రాసింది కూడా. అది తిట్టాల, జుట్టు పట్టుకోవాల అని చూస్తిని. తల వంచుకొని కట్టు మీద దారం పీక్కుంటా వినె.

పొన్నయ్యను అడిగితిని, ‘కంబం నేను జరిపింది నీకు తెలియదా అప్పా? రోజూ నడుస్తావు కదా’ అని. ‘మరుదినమే చూస్తిని వదినా’ అనె వాడు. ‘తెచ్చి మళ్ళీ నాటుదామని పోతాంటే ఇది వద్దనె.’

అప్పుడు బృంద తల ఎత్తి చెప్పె. ‘అక్కకు ఆశగా ఉండాది, ఈ ఏడు క్యాలెండరులో అక్క బొమ్మ రానీ, ఫోటో తీసినాక మెల్లగా మార్చి నాటుదాము అని నేనే అంటిని అక్కా. తరువాత నువ్వు రోజూ దానికి నీళ్ళు చల్లి ముగ్గు వేస్తాంటే పీకేదానికి మనసు రాలేదు.’

అది కూడా నన్ను చూసి ఒగ దినమైనా మండిపడి ఉంటే, మరుదినమే మీకు ఫోన్ చేసి ఉండును కదా రామూ. మురుగేశన్ చేతులు మిగిలి ఉండును.

రేపు తొలి బస్సుకు నేనూ బృందా మదురై పోతుండాము. కార్తీశ్వరికి నేనెవరో నేనే చెప్పాల. బృంద ఆ మూడు గిన్నెల డబ్బాలో అన్నం కట్టుతుంది. దాని చేయి తడవకూడదు కాబట్టి డబ్బా నేను కడిగి పెట్టినాను.

అక్క
పాపమ్మాళ్